ఆర్నల్ పాట్జ్: ప్రాణం నిలిపే ఆక్సిజనే పసికందుల చూపు తీస్తోందని తేల్చిన రెటీనా డాక్టరు

తెనాలి రెటీనా | సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. పోయిన వారం ఇక్కడే ఒకరు అడిగారు, కంటి డాక్టరుకు పరిశోధన ఎందుకండీ, శుక్లాల ఆపరేషన్లు శుభ్రంగా చేసుకుంటే చాలదా అని. నేను రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు వెలుతురును పట్టే పొర, దాని జబ్బులు చూసేవాణ్ణి. ఆ ప్రశ్న చదవగానే నాకు ఆర్నల్ పాట్జ్ గుర్తొచ్చారు. ఆయన గురించి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కళ్ళలో కటకం వెనక తెల్లటి పొర కట్టి ఉండటం చూసి మొదటిసారి ఆ సంగతి రాశారు. ఆ తర్వాత పది పన్నెండేళ్ళలో సుమారు 10,000 మంది పిల్లలకు ఈ జబ్బుతో చూపు పోయింది. మంచి పరికరాలున్న పెద్దాస్పత్రుల్లోనే ఇది ఎక్కువగా కనబడటం ఎవరికీ అంతుబట్టలేదు. విటమిన్లనీ, ఇనుము మందులనీ, గదిలో వెలుతురనీ ఒక్కొక్కరు ఒక్కోదాన్ని అనుమానించారు.

పాట్జ్ 1920లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఎల్బర్టన్‌లో పుట్టారు. ఎమరీ యూనివర్సిటీలో 1945లో వైద్యం పూర్తి చేశారు. వాషింగ్టన్‌లోని గాలింజర్ మునిసిపల్ ఆస్పత్రిలో కంటి వైద్యం నేర్చుకుంటూ, అక్కడి పసిపిల్లల వార్డులో చూపు పోయిన బిడ్డలందరిలో ఒక పోలిక గమనించారు. ఆ బిడ్డలంతా వారాల తరబడి ఎక్కువ ఆక్సిజన్‌లో ఉన్నవాళ్ళు. నెల తక్కువ బిడ్డకు ఆక్సిజన్ ఎంత పెడితే అంత మంచిదని డాక్టర్లందరూ నమ్మే కాలమది. అప్పటికి ఆయన ఇంకా శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు.

పిల్లల డాక్టరు లెరాయ్ హోక్‌తో కలిసి, కొందరికి ఆక్సిజన్ తగ్గించి చూస్తామని ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సంస్థను డబ్బు అడిగారు. ఆక్సిజన్ తగ్గిస్తే పిల్లలు చచ్చిపోతారని అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. పాట్జ్ అన్నగారి దగ్గర అప్పు తెచ్చి పని మొదలుపెట్టారు. 1952లో ఫలితాలు అచ్చయ్యాయి. కంటి జబ్బు బాగా ముదిరిన బిడ్డలు ఎక్కువ ఆక్సిజన్ పెట్టినవైపే పోగుపడ్డారు.

మిగతాది మీరు అడిగేదాన్ని బట్టి రాస్తాను.

లెక్కల మాస్టారు | సోమవారం, రాత్రి 10:02

డాక్టర్ గారూ, కథ బాగుంది గానీ నాకు లెక్క కావాలి. పిల్లల్ని రెండు గుంపులుగా ఎలా విడదీశారు? బాగా నీరసంగా ఉన్న బిడ్డకే ఎక్కువ ఆక్సిజన్ పెట్టి ఉంటే, చూపు పోవడానికి కారణం ఆ నీరసమేనని ఎవరైనా వాదించవచ్చు కదా.

తెనాలి రెటీనా | సోమవారం, రాత్రి 10:40

అడగవలసిన ప్రశ్నే అడిగారు మాస్టారూ. వచ్చిన బిడ్డను వచ్చినట్టు, ఒకరిని అటు ఒకరిని ఇటు వేశారు. సుమారు 1,600 గ్రాముల లోపు బిడ్డల్నే తీసుకున్నారు. ఒక గుంపుకు 65 నుంచి 70 శాతం ఆక్సిజన్ నాలుగు వారాలు, అంతకు పైనే పెట్టారు. రెండో గుంపుకు 40 శాతం లోపు, అదీ బిడ్డకు అవసరమైనప్పుడే. వంతులవారీగా వేయడం ఇప్పటి లాటరీ పద్ధతంత గట్టిది కాదు, ఎందుకంటే తర్వాతి బిడ్డ ఎటు వెళ్తాడో ముందే తెలిసిపోతుంది. అయినా ఇలా పోల్చి చూడాలన్న ఆలోచనే అప్పట్లో ఆస్పత్రుల్లో చాలా అరుదు.

పోల్చకపోతే ఏమవుతుందో అదే జబ్బులో ఇంకో ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ అనే పిల్లల డాక్టరు ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇస్తే చాలామంది బిడ్డల కళ్ళు బాగుపడటం చూశారు. అంతటితో సంబరపడి ఊరుకోకుండా, లాటరీ వేసి సగం మందికి ఇచ్చి, సగం మందికి మానేసి చూస్తే మందు పనిచేయడం లేదని తేలింది. పైగా మందు తీసుకున్న గుంపులోనే మరణాలు ఎక్కువ. తొలిదశలో ఈ జబ్బు చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. ఆ ఘనతంతా అప్పటిదాకా మందు ఖాతాలో పడింది.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:20

పసిపిల్లల వార్డులో నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. గాలింజర్‌లో నర్సులు రాత్రిళ్ళు ఎవరికీ తెలియకుండా తక్కువ గుంపులోని బిడ్డలకు ఆక్సిజన్ పెంచేసేవారని ఒకసారి ట్రైనింగ్‌లో చెప్పారు. నిజమేనా సార్?

తెనాలి రెటీనా | మంగళవారం, ఉదయం 7:05

నిజమే సిస్టర్. ఆ సంగతి పాట్జ్ గారే తర్వాత చాలాసార్లు చెప్పారు.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్ | మంగళవారం, ఉదయం 7:30

నాకు ఆ నర్సుల మీద కోపం రావడం లేదు. కేజీ బరువు బిడ్డ పెదాలు నీలంగా మారుతుంటే, అర్ధరాత్రి డాక్టరు లేని వార్డులో చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. మాకిప్పుడు బిడ్డ కాలికి కట్టిన పల్స్ ఆక్సీమీటర్ ఉంది. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 96, 97కి పోతే తగ్గిస్తాం, పడితే పెంచుతాం. వాళ్ళకు నమ్ముకోడానికి కళ్ళు తప్ప ఏమున్నాయి? ఆ పరిశోధన గురించి చెప్పేవాళ్ళు నర్సులు పని పాడుచేశారన్నట్టు చెబుతారు. ఎందుకు తగ్గిస్తున్నారో వాళ్ళను కూర్చోబెట్టి ఎవరైనా వివరంగా చెప్పి ఉంటే బాగుండేది.

నియోనేట్ నెల్లూరు | మంగళవారం, మధ్యాహ్నం 1:45

నేను పసిపిల్లల డాక్టర్ని. కంటి డాక్టర్లు ఈ కథ చెప్పేటప్పుడు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. నేను రెండో సగం చెప్పాలి.

గాలింజర్ తర్వాత ఎవరెట్ కిన్సీ ఆధ్వర్యంలో 18 ఆస్పత్రులు కలిసి 1953, 54లో పెద్ద అధ్యయనం చేశాయి. ఆక్సిజన్ దోషం ఖాయమైంది, మరణాల్లో తేడా కనబడలేదు. అప్పటినుంచి ప్రపంచమంతా 40 శాతం దాటకూడదన్న నియమం పెట్టుకుంది. చూపు పోయే బిడ్డలు ఒక్కసారిగా తగ్గిపోయారు.

కానీ ఆ అధ్యయనంలోకి 48 గంటలు బతికిన బిడ్డల్నే తీసుకున్నారు. ఊపిరి అందని బిడ్డలు ఎక్కువగా చనిపోయేది ఆ మొదటి రెండు రోజుల్లోనే. వాళ్ళు లెక్కలోకే రాలేదు. రెండో రోజు దాటినవాళ్ళ మీద తేలిన ఫలితాన్ని, అప్పుడే పుట్టి ఎగశ్వాస పడుతున్న బిడ్డకు కూడా వర్తింపజేశారు. 1973లో బ్రిటన్‌లో కెన్నెత్ క్రాస్ లెక్కగట్టి, ఒక్కో బిడ్డ చూపు కాపాడినందుకు సుమారు 16 మంది బిడ్డలు ప్రాణాలు కోల్పోయి ఉంటారన్నారు. ఆ అంకె మీద వాదోపవాదాలు జరిగాయి గానీ, నష్టం జరగలేదని ఎవరూ అనలేదు.

పాట్జ్ గారంటే నాకు గౌరవమే. ఆ గౌరవంతోనే ఈ మాట కూడా ఆ కథలో ఉండాలంటున్నాను.

లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:10

48 గంటల సంగతి ఇప్పుడే తెలిసింది. లెక్కలోకి ఎవర్ని తీసుకోవాలన్న ఒక్క నిర్ణయం అన్ని ప్రాణాల మీదికి వచ్చింది. మా డిగ్రీ పిల్లలకు ఈ పాఠం ఇకనుంచి ఈ ఉదాహరణతోనే చెబుతాను, డాక్టర్ గారూ.

తెనాలి రెటీనా | మంగళవారం, రాత్రి 9:30

నెల్లూరు డాక్టర్ గారి మాట పూర్తిగా ఒప్పుకుంటాను. ఒకటి మాత్రం జోడించాలి. బిడ్డ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో గంట గంటకూ చూసే సాధనం 1950ల్లో ఏ వార్డులోనూ లేదు. గొట్టంలోంచి ఎంత పోతోందో కొలవగలిగారు గానీ బిడ్డ ఒంట్లోకి ఎంత చేరుతోందో తెలియదు. ఊపిరితిత్తులు చెడిన బిడ్డకు 40 శాతం చాలదు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అదే ఎక్కువ కావచ్చు. పాట్జ్ చూపించింది ఎక్కువ ఆక్సిజన్‌ను అవసరం లేకుండా వారాల తరబడి పెట్టడం హాని అని. 40 అన్న అంకెను గీత గీసినట్టు పట్టుకున్నది తర్వాతివాళ్ళు.

నియోనేట్ నెల్లూరు | మంగళవారం, రాత్రి 10:15

ఆ గీత మీద గొడవ ఇంకా తెగలేదు సార్. 2010లో అమెరికాలో సపోర్ట్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. శాచురేషన్ 85 నుంచి 89 మధ్య ఉంచిన బిడ్డల్లో రెటీనా జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్ళు 8.6 శాతం, 91 నుంచి 95 మధ్య ఉంచినవాళ్ళలో 17.9 శాతం. కంటికి తక్కువే మేలు. కానీ మరణాలు చూస్తే తక్కువ గుంపులో 19.9, ఎక్కువ గుంపులో 16.2. పాట్జ్ అడిగిన ప్రశ్నే మళ్ళీ అరవై ఏళ్ళ తర్వాత. అందుకే ఇప్పుడు మేము 90కి తగ్గనివ్వం, 95 దాటనివ్వం. ఆ మధ్యలో వచ్చే కంటి జబ్బును మీ రెటీనావాళ్ళు వెతికి పట్టుకోవాలి.

ఓరుగల్లు పీజీ | బుధవారం, ఉదయం 8:40

సార్, నేను కంటి విభాగంల పీజీ రెండో సంవత్సరం. నాకు రెటీనా అంటే ఇష్టం. పరిశోధన అంటేనే భయమైతది. పైసలు ఎవరిస్తరు, ల్యాబ్ ఏడుంటది? పాట్జ్ గారు గాలింజర్ తర్వాత ఏం చేసిండ్రు? అంత పేరొచ్చినంక పెద్ద యూనివర్సిటీల కుర్చీ దొరికిందా?

బాల్టిమోర్ బాబాయి | బుధవారం, రాత్రి 7:55

నేను పాతికేళ్ళుగా బాల్టిమోర్‌లోనే ఉంటున్నాను, డాక్టర్ని కాను. మా ఆవిడ కళ్ళకు విల్మర్‌లోనే వైద్యం జరిగింది, అందుకే ఈ పేరు చూడగానే ఆగాను. జాన్స్ హాప్‌కిన్స్‌లో కంటి విభాగమే విల్మర్.

బాబూ పీజీ, నీకు ధైర్యం వచ్చే సంగతి చెబుతాను. ఆయన 1956లో కిన్సీతో కలిసి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు అందుకున్నారు. బహుమతి చేతికిచ్చింది హెలెన్ కెల్లర్. చూపూ వినికిడీ లేని ఆవిడ, పిల్లల చూపు కాపాడినవాళ్ళకు ఆ బహుమతి ఇచ్చారు. అంతటి అవార్డు వచ్చాక కూడా ఆయన చాలా ఏళ్ళు బాల్టిమోర్‌లో ప్రైవేట్ ప్రాక్టీసు చేసుకుంటూ, మిగిలిన సమయంలో విల్మర్‌లో పరిశోధన చేశారు. పూర్తికాలం అక్కడ చేరింది 1970లోనే. 1979 నుంచి 1989 దాకా ఆ విభాగానికి అధిపతి. 2004లో దేశాధ్యక్షుడి చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది. 2010 మార్చిలో, 89 ఏళ్ళ వయసులో పోయారు.

తెనాలి రెటీనా | బుధవారం, రాత్రి 9:50

బాబాయి గారికి ధన్యవాదాలు. పీజీ తమ్ముడికి నేను వైద్యం వైపు నుంచి చెబుతాను. పాట్జ్ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

బయటికి చూస్తే ఆయన మూడు వేర్వేరు పనులు చేసినట్టుంటుంది. పసిపిల్లల ఆక్సిజన్, తర్వాత లేజర్, తర్వాత షుగర్ రోగుల కళ్ళు. లోపల ప్రశ్న ఒకటే. రెటీనాలో రక్తనాళాలు ఎందుకు మూసుకుపోతాయి, మూసుకుపోయాక పిచ్చి నాళాలు ఎందుకు పుట్టుకొస్తాయి?

కడుపులో బిడ్డకు సుమారు 16 వారాలప్పుడు రెటీనా నాళాలు కంటినరం దగ్గర మొదలై, చెట్టు వేళ్ళలా అంచులవైపు పాకుతాయి. ముక్కువైపు అంచుకు సుమారు 36 వారాలకు, కణతవైపు అంచుకు 40 వారాలకు చేరతాయి. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ ప్రయాణం సగంలో ఉంటుంది. అప్పుడు ఆక్సిజన్ ఎక్కువైతే నాళాలు ముడుచుకుని ఆగిపోతాయి. కొన్ని వారాలకు, నాళాలు చేరని రెటీనా పెరిగి ఆకలి మీద ఉంటుంది, ఆక్సిజన్ కావాలని సంకేతం పంపుతుంది. ఆ సంకేతానికి పుట్టేవి బలహీనమైన నాళాలు. అవి రక్తం కారుస్తాయి, మచ్చ కడతాయి, ఆ మచ్చ రెటీనాను లాగి ఊడదీస్తుంది. పాట్జ్ జంతువుల కళ్ళలో ఈ మార్పులు తెప్పించి చూపించారు. లండన్‌లో నార్మన్ ఆష్టన్ పిల్లికూనల్లో ఇదే పని ఇంకా లోతుగా చేశారు.

షుగర్ వ్యాధిలోనూ జరిగేది ఇదే. అక్కడ నాళాలను మూసేది చక్కెర. ఆ పిచ్చి నాళాలను ఆపడానికి పాట్జ్, హాప్‌కిన్స్‌వాళ్ళ అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీ ఇంజినీర్లతో కలిసి ఆర్గాన్ లేజర్ తయారుచేయించారు. కంటికి వాడిన తొలి ఆర్గాన్ లేజర్లలో అదొకటి. జర్మనీలో మేయర్ ష్విక్కెరాత్ అంతకుముందే సూర్యకాంతితో, తర్వాత జెనాన్ దీపంతో రెటీనాను కాల్చే పద్ధతి కనిపెట్టి దారి వేశారు. ఆర్గాన్ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది, గురి చిన్నగా పెట్టొచ్చు.

కాలిస్తే మేలా కాదా అన్నది మళ్ళీ పోల్చే చూశారు. 1971లో మొదలైన డయాబెటిక్ రెటినోపతీ స్టడీలో పాట్జ్ కూడా పాలుపంచుకున్నారు. 15 కేంద్రాలు, 1,700 మందికి పైగా రోగులు. ఒక్కో మనిషికి ఒక కంటికి లేజర్, ఇంకో కంటికి ఏమీ లేదు. మాస్టారూ, ఇది మీకు నచ్చుతుంది: వయసూ, షుగరూ, రక్తపోటూ రెండు కళ్ళకూ ఒకటే. తీవ్రంగా చూపు పోవడం సగానికి పైగా తగ్గిందని 1976లో ప్రకటించారు. ఇవాళ మన ఊళ్ళల్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు కంటికి లేజర్ పెట్టించుకుంటున్నారంటే దాని వెనక ఆ 1,700 మంది ఉన్నారు.

ఓరుగల్లు పీజీ | బుధవారం, రాత్రి 10:30

మరి ఆ సంకేతం ఏందో ఆయనకు తెల్సిందా సార్?

తెనాలి రెటీనా | బుధవారం, రాత్రి 10:50

1948లోనే ఐజాక్ మైకల్సన్ అనే కంటి డాక్టరు అలాంటి పదార్థం ఒకటి ఉండి ఉంటుందని ఊహించారు. పాట్జ్ కూడా దానికోసం వెతికినవారే. పట్టుకున్నది వేరేవాళ్ళు. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వేరుచేసింది. ఆ సంకేతం అదే. 1994లో లాయిడ్ పాల్ ఐయెల్లో బృందం షుగర్ రోగుల కంటి ద్రవంలో అది ఎక్కువగా ఉందని చూపించింది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లే మనం ఇప్పుడు కంట్లో వేస్తున్నాం. పెద్దవాళ్ళకు సరే, కొందరు నెల తక్కువ బిడ్డలకూ. ఇదంతా పాట్జ్ బతికుండగానే చాలావరకు చూశారు.

నీ భయానికి నా జవాబు, తమ్ముడూ: ఆయన మొదటి పరిశోధనకు ల్యాబ్ లేదు. వార్డు ఉంది, కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోప్ ఉంది, రోజూ కనబడేదాన్ని రాసుకునే అలవాటు ఉంది. నీ ఓపీలో అవి మూడూ ఉన్నాయి.

విజయవాడ అమ్మ | గురువారం, ఉదయం 11:25

నమస్తే అండి. నేనిక్కడ ఎప్పుడూ రాయలేదు, ఇదంతా చదివి గుండె దడగా ఉంది. మా బాబు 31 వారాలకు పుట్టాడు, 1,350 గ్రాములు. పది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాం, పుట్టి మూడు వారాలు దాటింది. కళ్ళు చూపించమని ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. బాబు వెలుతురు వైపు చూస్తున్నాడు. అయినా చూపించాలా?

తెనాలి రెటీనా | గురువారం, ఉదయం 11:40

అమ్మా, చూపించాలి, ఈ వారమే చూపించండి. వెలుతురు వైపు చూస్తున్నాడని ఊరుకోవద్దు, ఈ జబ్బు తొలిదశలో పైకి ఏమీ తెలియదు. మన దేశంలో నియమం ఏమిటంటే, 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు ఉన్నా పుట్టిన 30 రోజుల లోపు రెటీనా పరీక్ష తప్పనిసరి. 28 వారాల లోపు, లేదా 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. డిశ్చార్జి కాగితాలు వెంట పట్టుకెళ్ళండి. పిల్లల రెటీనా చూసే డాక్టరేనా అని ముందు ఫోన్‌లో అడగండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, రెప్పలకు క్లిప్పు పెట్టి చూస్తారు. బాబు ఏడుస్తాడు, మీరు కంగారు పడొద్దు. పరీక్షకు సరిగ్గా ముందు కడుపునిండా పాలు పట్టకండి, కక్కుకుంటాడు.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్ | గురువారం, మధ్యాహ్నం 12:10

అక్కా, బాబుకు చలి తగలకుండా టోపీ పెట్టి, గట్టిగా చుట్టి తీసుకెళ్ళండి. పెద్ద ఆస్పత్రుల్లో ఈ పిల్లలకు వేరే రోజు ఉంటుంది, అడిగి వెళ్తే ఎక్కువసేపు కూర్చోవలసిన పని ఉండదు.

నియోనేట్ నెల్లూరు | గురువారం, రాత్రి 9:20

ఆ తల్లి రాసింది చదివి బాధేసింది. ఆస్పత్రి ఏదైనా కానీ, డిశ్చార్జి చీటీ మీద కంటి పరీక్ష తేదీ రాయకుండా 31 వారాల బిడ్డను పంపకూడదు.

మన దగ్గర ఈ జబ్బుకు ఇంకో ముఖం ఉంది. అమెరికాలో ఇప్పుడిది ఎక్కువగా కేజీ లోపు బిడ్డలకే. మన దేశంలో కేజీన్నర, ఒక్కోసారి ఇంకా బరువున్న బిడ్డల్లోనూ వస్తోంది. పిల్లల్ని బతికించే వార్డులు త్వరత్వరగా పెరిగాయి, ఆక్సిజన్‌లో గాలి కలిపే బ్లెండర్లూ నర్సుల శిక్షణా అంత త్వరగా పెరగలేదు. లండన్‌లోని కంటి డాక్టరు క్లేర్ గిల్బర్ట్ దీన్ని మూడో మహమ్మారి అన్నారు. మొదటిది పాట్జ్ కాలంలోది.

తెనాలి రెటీనా | గురువారం, రాత్రి 10:05

దానికి ఎదురు నిలిచిన పని కూడా మన దగ్గరే జరిగింది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ సుభద్ర జలాలి గారు 1990ల చివరి నుంచి జంట నగరాల పసిపిల్లల వార్డులకే వెళ్ళి రెటీనా చూసే ఏర్పాటు చేశారు. ముప్పై రోజుల లోపు పరీక్ష అన్న మాటను ఊరూరా వినిపించారు. కర్ణాటకలో డాక్టర్ ఆనంద్ వినేకర్ బృందం శిక్షణ పొందిన టెక్నీషియన్లను కెమెరాతో జిల్లా ఆస్పత్రులకు పంపించి, ఫొటోలు బెంగళూరులో చూసే పద్ధతి పెట్టింది. నా దృష్టిలో ఇదీ రెటీనా పరిశోధనే. మందు తెలిశాక అది బిడ్డకు వేళకు అందుతోందా అని వెతకడం.

బాల్టిమోర్ బాబాయి | శుక్రవారం, ఉదయం 6:45

ఒక సందేహం. ఆక్సిజన్ దోషమని మొదట చెప్పింది పాట్జ్ గారేనా? ఆస్ట్రేలియావాళ్ళని ఎక్కడో చదివాను.

తెనాలి రెటీనా | శుక్రవారం, ఉదయం 8:15

అనుమానం ముందుగా అచ్చువేసింది మెల్‌బోర్న్ పిల్లల డాక్టరు కేట్ క్యాంప్‌బెల్, 1951లో. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన మేరీ క్రాస్‌కూ అదే అనుమానం వచ్చింది. ఆవిడ గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. వాళ్ళు వేర్వేరు వార్డుల్లో, వేర్వేరు కాలాల్లో పిల్లల్ని పోల్చారు. ఒకే వార్డులో, ఒకే కాలంలో, బిడ్డల్ని రెండు గుంపులు చేసి చూసింది పాట్జ్, హోక్. ఆ పేర్లన్నీ కలిపి చెప్పుకోవడమే న్యాయం.

విజయవాడ అమ్మ | శనివారం, సాయంత్రం 4:30

డాక్టర్ గారూ, చూపించామండి. రక్తనాళాలు ఇంకా అంచుదాకా రాలేదట, జబ్బు మొదటి దశలో కొద్దిగా ఉందన్నారు. ఇప్పుడే లేజర్ అక్కర్లేదు, వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. తగ్గిపోతే మళ్ళీ వెళ్ళనక్కర్లేదా?

తెనాలి రెటీనా | శనివారం, సాయంత్రం 5:05

మంచి పని చేశారమ్మా. మొదటి దశ చాలామంది బిడ్డల్లో దానంతట అదే తగ్గుతుంది, కానీ ఒక్క తేదీ కూడా తప్పకండి. ముదిరితే లేజర్ పెట్టడానికి రోజుల వ్యవధే ఉంటుంది. నాళాలు అంచుదాకా చేరాయని డాక్టరు నోటితో చెప్పేదాకా వెళ్తూనే ఉండాలి. ఆ తర్వాత కూడా ఈ పిల్లలకు మెల్లకన్ను, అద్దాల అవసరం ఎక్కువగా వస్తాయి, కాబట్టి బడికి వెళ్ళేదాకా ఏడాదికోసారి చూపించండి. వచ్చే వారం ఏమన్నారో ఇక్కడే రాయండి.